చెట్టుకట్టు

లాకప్‌లో కూర్చున్న కోడలి ముఖం చూడగానే డిటెక్టివ్‌కు ఒక సంగతి అర్థమైంది. ఆమెను కొట్టినవాడిది ఎడమచేతి వాటం. కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడి దవడ మీద బెత్తం వాత అడ్డంగా లేచింది. కింది పెదవి చిట్లి నెత్తురు ఎండిపోయింది. ఇన్ని దెబ్బలు తిన్నా నిన్న సాయంత్రం నుంచి ఒక్క ముక్క చెప్పలేదని కాపలా కానిస్టేబుల్ అన్నాడు. ఆ మాటలో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది.

చనిపోయింది ఆమె మామగారు. మందుల వీధిలో చిన్నాపెద్దా అందరూ పసరు తాత అని పిలిచే ముసలాయన. రెండు తరాల కిందట కొండలు దిగి వచ్చి ఊరి అంచున స్థిరపడ్డ కొద్ది కుటుంబాలకు ఆయనే పెద్ద. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునే భాష వేరు, బయట మాట్లాడే భాష వేరు. ఊరివాళ్ళు వాళ్ళను ఆకుమందోళ్ళు అంటారు. అవసరం ఉన్నప్పుడు మర్యాదగా అంటారు, తీరాక ఉమ్మేసినట్టు అంటారు. కోత మిల్లులో ఎవరికైనా చెయ్యి తెగితే పెద్దాసుపత్రి కంటే ముందు పసరు తాత గుమ్మం తొక్కుతారు. ఆయన మందు వేస్తే నెత్తురు కట్టుకుంటుంది, చీము పట్టదు.

ఆ ముసలాయన్ను నిన్న మధ్యాహ్నం ఇంటి వెనక మందులు ఎండబెట్టే పాకలో, ఆయన రోజూ మందులు నూరే పొత్రంతోనే తల పగలగొట్టి చంపారు. అంతకు ముందు బొటనవేలు తప్ప ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటీ విరిచారు. పొరుగున కుట్టుమిషను నడుపుకునే ఆవిడ వెళ్ళి చూసేసరికి కోడలు శవం తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. మోచేతుల దాకా నెత్తురూ ఆకుపసరూ కలిసి ఉన్నాయి. చీకటి పడకముందే ఊళ్ళో పుకారు లేచింది. సొంత మనిషినే చంపుకున్నవాళ్ళు రేపు నీళ్ళ ట్యాంకులో విషం కలపరా అన్నారు. రాళ్ళు పడ్డాయి. రెండు ఇళ్ళు తగలబడ్డాయి. మిల్లు నుంచి పరిగెత్తుకొచ్చిన కోడలి భర్తను వీధి మొగలోనే ఇనప రాడ్లతో కొట్టారు. అతను ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

మందు మొత్తం చెప్పమని మామను హింసించి, చెప్పకపోయేసరికి కోడలే చంపిందని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. మధ్యాహ్నం ఆమెను కోర్టుకు పంపిస్తాడు. దారిలో జనం కాచుకుని ఉన్నారు. ఆమె కోర్టు మెట్లు ఎక్కుతుందన్న నమ్మకం స్టేషన్లో ఎవరికీ లేదు.

డిటెక్టివ్ ఆమె ఎదురుగా నేల మీదే చతికిలబడింది. నలభై దాటిన మనిషి. పోలీసు ల్యాబులో ఏళ్ళ తరబడి వేలిముద్రలు చూసి, పై అధికారితో పడక బయటికొచ్చి సొంతంగా ఈ పని పెట్టుకుంది. మెల్లగా అడుగుతూ పోయింది. పాకలోకి ఎప్పుడు వెళ్ళావంది. ఎవరైనా ఎదురుపడ్డారా అంది. మీ మామగారు నీకు మందు నేర్పారా అంది. కోడలు గోడవైపే చూస్తోంది. చివరికి డిటెక్టివ్ ఆమె భర్త ఊసెత్తింది.

"పొద్దున ఆసుపత్రికి వెళ్ళొచ్చాను. మీ ఆయన బతికే ఉన్నాడు."

కోడలు తల తిప్పింది. "మాట్లాడుతున్నాడా?"

"ఇంకా లేదు."

ఆమె ఊపిరి బిగబట్టి వదిలింది. భర్త బతికున్నందుకు కాదు, మాట్లాడనందుకు ఆమె స్థిమితపడింది. అది డిటెక్టివ్ కనిపెట్టింది.

"అయితే రాసుకోండి అక్కా," అంది కోడలు. "నేనే చంపాను."

* * *

వరండాలో మేనేజరు ఎదురుచూస్తున్నాడు. ఈ కేసు డిటెక్టివ్‌కు అప్పగించింది అతనే. మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగం, మడత నలగని చొక్కా, గొంతు పెంచని మనిషి. పసరు తాత గాయాల మందు కోసం ఏడాదిగా ఆయన చుట్టూ తిరిగాననీ, ఆయన గుమ్మంలోకి కూడా రానివ్వలేదనీ నిన్న సాయంత్రమే దాచకుండా చెప్పాడు. ముసలాయన ఎలాగూ పోయాడు, ఆ అమ్మాయికి ఎంతో కొంత తెలిసి ఉండొచ్చు, ఆమెను కూడా జనం చంపేస్తే మందు వాళ్ళతోనే మట్టిలో కలిసిపోతుంది, అందుకైనా ఆమెను బయటికి తీసుకురండి అన్నాడు. స్వార్థం ఉన్నా పైకి చెప్పుకున్నాడు కదా అని డిటెక్టివ్‌కు అతని మీద గురి కుదిరింది.

"ఒప్పుకుందా?" అన్నాడు.

ఒప్పుకుంది, అందుకే అనుమానంగా ఉందని డిటెక్టివ్ చెప్పింది. మేనేజరు మెట్ల పక్కనున్న పూలకుండీ దగ్గర నిలబడి ఆలోచనలో మొక్క కొమ్మను మెలిపెట్టి తుంచాడు. కోర్టుకు వెళ్ళేలోగా ఏదైనా చెయ్యగలరా అని అడిగాడు. చూస్తానంది. అతను బొటనవేలికి అంటిన తడిమట్టిని జేబురుమాలుతో తుడుచుకుని, రుమాలును నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. ఇంత గొడవలోనూ ఎంత శుభ్రం పాటిస్తున్నాడో అనుకుంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ తన గదిలో బెత్తంతో బల్ల మీద దరువేస్తున్నాడు. బెత్తం ఎడమచేతిలోనే ఉంది. బల్ల మీద నెత్తురంటిన పొత్రం, దాని పక్కన కోడలి నడుమున దొరికిన గుడ్డ మూట ఉన్నాయి. మూట విప్పి కుమ్మరించి చూపించాడు. ఎండుటాకులు, వాటి మధ్య ఒక నల్లటి దుంప. ఇదేమిటో ఎవరికైనా తెలుసా అంటే తలుపు దగ్గరి కానిస్టేబులే చెప్పాడు. మిల్లులో అతని బావమరిది కాలు నుజ్జయినప్పుడు పసరు తాత దాన్ని గీకి నాలుక మీద వేశాడట. గోటిమీద నిలిచేంత వేస్తే నొప్పి తెలియదు. అంతకు మించితే మనిషి లేవడు.

"విన్నారా మేడమ్. చంపే మందు ఒంటి మీద పెట్టుకుని తిరిగే మనిషి."

"చంపింది పొత్రంతో కదండీ. చేతిలో విషం పెట్టుకుని బండరాయి ఎందుకు ఎత్తుతుంది?"

ఇన్‌స్పెక్టర్ దరువు ఆగింది. మూటను చుట్టి మూలకు విసిరేశాడు. ల్యాబులో అద్దాల గదిలో కూర్చుని లోకం నేర్చుకున్నవాళ్ళు తనకు పాఠాలు చెప్పనక్కర్లేదన్నాడు. ల్యాబు నుంచి మిమ్మల్ని ఎందుకు సాగనంపారో నాకూ తెలుసన్నాడు. డిటెక్టివ్ తలుపు దాకా వెళ్ళి ఆగింది. పాకను ఒక్కసారి చూపించండి, ఏమీ దొరక్కపోతే మీ కేసులో ఇక తలదూర్చను అంది. ఆమె పీడ విరగడవుతుందన్న ఆశతో ఇన్‌స్పెక్టర్ జీపు తాళాలు తీసుకున్నాడు.

* * *

పాక నిండా వెదురు తడకలు. వాటి మీద ఆకులు, వేర్లు, కాయలు దేనికది విడివిడిగా ఆరబోసి ఉన్నాయి. మధ్యలో నాలుగు తడకలు విరిగి నేల మీద పడ్డాయి. శవాన్ని తీసుకెళ్ళినా మట్టినేల ఇంకా నల్లగా తడిగా ఉంది. ఆ మరక పక్కన ఒక ముక్కాలిపీట ఉంది. పీట అంచున నాలుగు చోట్ల నెత్తురు చుక్కలు వరసగా ఉన్నాయి. ముసలాయన చేతిని ఆ అంచుకు ఆనించి వేళ్ళు విరిచారు. డిటెక్టివ్ తన చేతిని అక్కడ పెట్టి చూసుకుంది. వెంటనే తీసేసింది.

నాలుగు వేళ్ళు విరిచేదాకా ఆగారంటే నాలుగు సార్లు అడిగారన్నమాట. నాలుగో వేలు దగ్గర ముసలాయన ఏదో చెప్పాడు. అందుకే బొటనవేలు మిగిలింది.

ఆ సంగతి ఇన్‌స్పెక్టర్‌తో అంటుండగానే పాక కప్పు మీద రాయి పడింది. రెండోది కిటికీలోంచి వచ్చి డిటెక్టివ్ కనుబొమ్మను చీల్చింది. ఆమె తడక మీదికి ఒరిగిపోయింది. కంచె అవతల పదిమంది దాకా ఉన్నారు, చేతుల్లో కర్రలు, ఒకడి చేతిలో కిరోసిన్ డబ్బా. ఇన్‌స్పెక్టర్ ఒక్క అంగలో కంచె దాటాడు. డబ్బా పట్టుకున్నవాడి జుట్టు దొరకబుచ్చుకుని వాడి ముఖాన్ని కంచె గుంజకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పళ్ళు రాలాక వదిలేసి గాలిలోకి ఒక తూటా పేల్చాడు. గుంపు చెల్లాచెదరైంది.

"వీళ్ళని కొట్టడానికి కూడా సాక్ష్యం చూపించాలా మేడమ్?" అన్నాడు రొప్పుతూ.

కంట్లోకి కారుతున్న నెత్తురును కొంగుతో అదుముకుని డిటెక్టివ్ పెరట్లోకి నడిచింది. అక్కడ చెట్లు గుబురుగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తడుముతూ పోయింది. దాదాపు ప్రతి చెట్టుకూ ఎప్పుడో కోసిన గాటు ఉంది, ప్రతి గాటు మీదా ఎండిన బంకమట్టి పొర ఉంది. కొన్ని చోట్ల మట్టి రాలిపోయి కింద కొత్త బెరడు పూడుకొస్తోంది. చివరి చెట్టు దగ్గర ఆమె ఆగిపోయింది. నడుము ఎత్తున జానెడు వెడల్పున మొదలు బెరడు ఒలిచారు. ఒలిచిన చోట మెత్తిన మట్టి ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆ మట్టిలో ఎర్ర చారలున్నాయి.

"నెత్తురు చేత్తో మెత్తాడు," అంది డిటెక్టివ్. "ముసలాయన్ను చంపాక ఇక్కడికొచ్చి, ఆయన చెప్పిన చెట్టు బెరడు ఒలుచుకుని, పోతూ పోతూ మట్టి మెత్తాడు. పారిపోయే తొందరలో కూడా మెత్తాడు. ఎప్పటినుంచో అలవాటైన చెయ్యి."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. ఇంకేం, ఊరివాడెవడూ చెట్టుకు మట్టి పూయడు, హంతకులు ఆ వీధివాళ్ళేనని మీరే తేల్చారు, నా కేసు గట్టిపడింది, చాలా థాంక్స్ అన్నాడు.

డిటెక్టివ్ అతని ఎడమచెయ్యి పట్టుకుని మట్టి దగ్గరికి లాగింది. అతను విదిలించుకోబోయి ఆగాడు. మట్టి మీద ఒక అరచెయ్యి అచ్చు దిగి ఉంది. కుడిచెయ్యి, వెడల్పాటిది. ఆమె తన అరచేతిని దానికి పక్కగా పెట్టి చూపించింది. చుట్టూ రెండు వేళ్ళ మందం తేడా ఉంది. లాకప్‌లో ఉన్న ఆవిడ చేతులు తనకంటే చిన్నవి. ఐదు వేళ్ళూ చివర్ల దాకా స్పష్టంగా పడ్డాయి. ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. బెత్తం చంకలో పెట్టుకున్నాడు.

పాకలో ఉన్న చెక్కుడు కత్తితో డిటెక్టివ్ ఆ మట్టిపొరను పగలకుండా విడదీసి తడిగుడ్డలో చుట్టింది. కింద చెట్టు తెల్లగా, తడిగా బయటపడింది.

* * *

గుడ్డ విప్పగానే కోడలు గోడకు జరిగిపోయింది.

"దీన్ని చూసే కదా నోరు మూసుకున్నావు," అంది డిటెక్టివ్.

పాకలోంచి చెట్టు మీద తడిమట్టి కనబడిందని, దగ్గరికి వెళ్ళే ధైర్యం చాలలేదని కోడలు అప్పుడు ఒప్పుకుంది. ముందురోజు భర్త తండ్రితో గొంతు చించుకుని పోట్లాడాడు. కంపెనీకి మందు ఇచ్చేస్తే ఈ బతుకు మారుతుందన్నాడు, ఇవ్వకపోతే నీ చెయ్యి విరిచైనా తీసుకుంటానన్నాడు. కోపంలో అన్న మాటే. కానీ మట్టి చూశాక ఆమెకు ఆ మాటే చెవుల్లో మోగింది. మామ ఎలాగూ పోయాడు, భర్తనైనా దక్కించుకుందామనుకుంది.

"మిల్లు రంపం మీ ఆయన కుడిచేతి రెండు వేళ్ళు తినేసింది. పొద్దున కట్లు మారుస్తుంటే చూశాను. ఇది కుడిచెయ్యి. నువ్వే చూసుకో."

కోడలు మంచి కంటితో వంగి చూసింది. ఒక్కో వేలి అచ్చు మీదా తన వేలు గాల్లోనే ఆనించుకుంటూ పోయింది. చిటికెనవేలు దాకా వచ్చాక ఆమె భుజాలు కదిలాయి. బెత్తం దెబ్బలకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తేరుకున్నాక ఆమె అడిగిన మొదటి మాట వాళ్ళిద్దరికీ వింతగా తోచింది.

"ఇది ఊడదీసుకొచ్చారు కదా. మళ్ళీ మెత్తారా?"

లేదంది డిటెక్టివ్. కోడలు ముఖం చిన్నబోయింది. దాన్ని చెట్టుకట్టు అంటారని చెప్పింది. కొమ్మ తుంచినా బెరడు ఒలిచినా ముందు చెట్టు గాయం మూస్తారు. ఆ తర్వాతే రోగి గాయం చూస్తారు. మనిషి విలవిల్లాడుతున్నా సరే, ముందు చెట్టు. పాకే పిల్లలకు మొదట నేర్పేది ఇదే. మందు మాత్రం వయసొచ్చాక, అందరిలోంచి ఏరి ఒక్కరికే చెప్తారు. పసరు తాత కొడుక్కి చెప్పలేదు. ఆ మధ్య వానలప్పుడు తనకు చెప్పాడు. ఆ సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

"అయితే ఆ బెరడుతో వాడికి మందు తయారవుతుందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి గొంతులో వెటకారం లేదు.

కోడలు తలెత్తింది. "మందు మట్టిలోని వేరు మీది బెరడులో ఉంది సార్. మొదలు బెరడు పొయ్యిలోకి తప్ప దేనికీ రాదు. మావయ్య అబద్ధం చెప్పారు." ఆమె ఆ అచ్చు మీద గుడ్డ కప్పింది. "వేళ్ళు విరుస్తున్నా అబద్ధమే చెప్పారు."

డిటెక్టివ్ ఆలోచన ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. చంపినవాడికి మట్టి తెలుసు, మందు తెలియదు. వీధిలో మిగిలిన మగవాళ్ళు ఆ వేళకు మిల్లులో ఉన్నారని ఇన్‌స్పెక్టరే పొద్దున తేల్చాడు. ఇక మిగిలింది పసితనంలో మట్టి నేర్చుకుని, మందు చెప్పే వయసు రాకముందే వెళ్ళిపోయినవాడు. అలాంటివాళ్ళున్నారా అని అడిగింది.

ఉన్నారని కోడలు చెప్పింది. ఒకప్పుడు కొందరు పిల్లల్ని దూరపు హాస్టల్ బళ్ళలో వేశారట. వాళ్ళు తిరిగి రాలేదు. పేరు మార్చుకున్నారు, పుట్టుక దాచుకున్నారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు.

"ఇప్పుడు మా వీధికొచ్చినా మా మాట రానట్టే ఉంటారక్కా. మా గుమ్మంలో నిలబడి, మమ్మల్నే మీరెవరని అడుగుతారు."

* * *

కాగితం మీద అరెస్టు ఇంకా చూపలేదు కాబట్టి ఆమెను వదలడం పెద్ద పని కాలేదు. ఎవరైనా పూచీ ఉండాలని, వీధికి పంపితే జనం చంపేస్తారని ఇన్‌స్పెక్టర్ గొణిగాడు. పొద్దుటి నుంచీ వరండాలోనే కాచుకుని ఉన్న మేనేజరు ముందుకొచ్చి సంతకం చేశాడు. కంపెనీ అతిథిగృహం చుట్టూ ఎత్తయిన గోడ ఉంది, అక్కడికి ఈగ కూడా దూరదన్నాడు. కారు తనే నడుపుతానన్నాడు.

డిటెక్టివ్‌కు నిన్నటి నుంచి మోస్తున్న బరువు దిగినట్టయింది. చెట్టు మట్టి సంగతి, హాస్టల్ పిల్లల సంగతి వృత్తిధర్మంగా దాచుకుంది కానీ, ఒక్క మాట మాత్రం మనసారా చెప్పింది.

"జాగ్రత్తగా చూసుకోండి. ఆ మందు ఇక ఈమెకొక్కదానికే తెలుసు."

"నా ప్రాణంలా చూసుకుంటాను," అన్నాడు మేనేజరు.

కారు గేటు దాటి మలుపు తిరిగింది. డిటెక్టివ్ వరండా మెట్టు మీద కూలబడి కనుబొమ్మ మీద గుడ్డ మార్చుకుంటోంది. ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడి, అన్నింటికీ ముందు ఒక టీ తాగుదామన్నాడు. అతనివైపు నుంచి అది క్షమాపణ. ఆమె నవ్వుతూ తల తిప్పింది. మోచేతి పక్కనే పూలకుండీ ఉంది.

పొద్దున తుంచిన కొమ్మ మొదట్లో, తెల్లటి గాటు కనబడాల్సిన చోట, చిన్న మట్టి ముద్ద ఉంది. బొటనవేలితో నొక్కి, అంచులు కూడా సరిచేసిన ముద్ద. ఎండకు పైన బీట తీసింది.

ఆమె చేతిలో గుడ్డ జారిపోయింది. జేబురుమాలు, నాలుగు మడతలు, గుమ్మంలోకి రానివ్వని ముసలాయన, ఏడాదిగా తిరిగిన మనిషి. తాళం తీసి, బోను తెరిచి, ఆమెను తనే తీసుకెళ్ళి అతని చేతికిచ్చింది. మందు ఎవరి దగ్గర ఉందో కూడా చెప్పి మరీ ఇచ్చింది.

"జీపు తియ్యండి," అంది. కుండీవైపు వేలు చూపించింది. మళ్ళీ అంది. "జీపు తియ్యండి, అతనే."

కుండీ చూశాక ఇన్‌స్పెక్టర్‌కు వివరం అక్కర్లేకపోయింది. తాళాల కోసం లోపలికి పరిగెత్తబోతుంటే కానిస్టేబుల్ అడ్డొచ్చి, సార్, ఆవిడ కూడా వెళ్ళేముందు ఇక్కడే నిలబడి ఆ కుండీనే చూసిందండీ అన్నాడు. కాసేపు చూసి, మళ్ళీ లోపలికొచ్చి, మూలన పడున్న తన మూట ఇమ్మని అడిగిందట. ఆకులే కదా అని ఇచ్చేశాడట.

తెలిసే ఎక్కింది. నల్లదుంప నడుముకు కట్టుకుని మరీ ఎక్కింది.

జీపు ఊరు దాటింది. ఆమె చేతిలో అతను చస్తే, పొద్దున అబద్ధంగా ఒప్పుకున్న హత్య ఇప్పుడు నిజమవుతుంది. హంతకుడు నోరు విప్పకుండానే పోతాడు. మందుల వీధిలో మిగిలిన ఇళ్ళు ఈ రాత్రికే బూడిదవుతాయి. అతని చేతిలో ఆమె చస్తే మందూ ఉండదు, సాక్షీ ఉండదు. డిటెక్టివ్ రెండు చేతులతో ముందు కడ్డీ పట్టుకుని కూర్చుంది.

ముందుగా హారన్ మోత వినబడింది. ఆగకుండా, ఒకే తీరుగా. మలుపు తిరగగానే కారు కనబడింది. రోడ్డు దిగి ఒక పెద్ద చెట్టును గుద్దుకుంది. ముందు అద్దం లేదు. మేనేజరు స్టీరింగ్ మీద ఒరిగి ఉన్నాడు. మెడకూ భుజానికీ మధ్య అరచెయ్యంత అద్దం ముక్క దిగి, మడత నలగని చొక్కా పూర్తిగా ఎర్రబడింది. కాళ్ళ దగ్గర కత్తి పడి ఉంది. ఇన్‌స్పెక్టర్ అతన్ని వెనక్కి లాగి కూర్చోబెట్టగానే హారన్ ఆగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి గురగురలాడుతోంది.

కోడలు చెట్టు దగ్గర ఉంది. ఆమె ముంజేయి పొడుగునా కత్తి గాటు ఉంది. దాన్నుంచి కారుతున్న నెత్తురును పట్టించుకోకుండా, పక్క కాలవలోంచి దోసిలితో మట్టి తీసుకొచ్చి, కారు గుద్దినప్పుడు చిరిగిన బెరడు మీద మెత్తుతోంది. తొందరేమీ లేదు. అంచులు సరిచేస్తోంది. ఊరు దాటగానే అతను కత్తి తీసి మందు చెప్పమన్నాడని, తను స్టీరింగ్ పట్టుకుని చెట్టు మీదికి లాగేశానని, వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"వాడు చచ్చిపోతున్నాడమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అమ్మా అన్న సంగతి అతనికే తెలియలేదు. "ముందు వాడి సంగతి చూడు. వాడు బతికి నోరు విప్పితేనే నువ్వు బయటపడతావు."

"చెట్టు అయ్యాకే మనిషి సార్. ఆయనకీ తెలుసు."

నిజమే, మేనేజరు కళ్ళు ఆమె చేతుల మీదే ఉన్నాయి. ఆ కళ్ళలో తొందరపెట్టడం లేదు. తన వంతు కోసం ఎదురుచూస్తున్న మనిషి చూపు అది.

చివరి దోసిలి మట్టి అయిపోయింది. కోడలు చేతులు చీరకు తుడుచుకుని కారు దగ్గరికొచ్చింది. నడుమున మూట విప్పింది. ఆకులు నలిపి అతని గాయం చుట్టూ నొక్కింది. తర్వాత నల్లదుంప బయటికి తీసి, పగిలిన అద్దం అంచుతో గీకడం మొదలుపెట్టింది. గోటిమీద నలుసంత పొడి నిలిచింది. ఆమె ఆగలేదు, ఇంకా గీకుతోంది. అది నొప్పి తీసేంతా ప్రాణం తీసేంతా అన్నది డిటెక్టివ్‌కు తెలియదు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి తుపాకీ మీద ఉంది. తియ్యాలో వద్దో అతనికీ తోచలేదు.

కోడలు వంగి, తమ ఇంటి భాషలో మేనేజరుతో ఒక్క మాట అంది. మిగిలిన ఇద్దరికీ ఆ మాట అర్థం కాలేదు.

అతనికి అర్థమైంది. ఎన్నో ఏళ్ళుగా రానట్టు నటించిన మాట. అతనికి మట్టి తెలుసు, మాట తెలుసు. మందు తెలియదు.

ఆ పొడి కోసం నోరు తెరిచాడు.